పాత కారవాన్‌లో నీళ్ళూ కరెంటూ బాగుచేసుకున్న అనుభవం

మా అమ్మకు ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. మోకాళ్ళ నొప్పుల కంటే, దారిలో ఎక్కడ మరుగుదొడ్డి దొరుకుతుందో తెలియదన్న బెంగతోనే ఆమె ప్రయాణాలు మానుకుని ఆరేళ్ళయింది. ఆమెను ఒక్కసారైనా మళ్ళీ తలకోన జలపాతానికి తీసుకువెళ్ళాలన్న కోరికతో, పోయిన ఏడాది మే నెలలో, తిరుపతిలోనే ఒక కుటుంబం దగ్గర కారవాన్‌గా మార్చిన 2008 మోడల్ ఫోర్స్ ట్రావెలర్ వ్యాను కొన్నాను. పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఆర్.సి.ని మరో అయిదేళ్ళకు పొడిగించిన బండి అది. ఇంజను, బ్రేకులు బాగున్నాయి. లోపల రెండు పడక బల్లలు, చిన్న వంటగట్టు, వెనుక మూలన మరుగుదొడ్డి, నేల కింద 100 లీటర్ల స్టీలు ట్యాంకు, 12 ఓల్టుల నీటి పంపు, అమ్మ పడుకోవడానికి అనువుగా ఉన్న బల్ల కింద 150 ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్న ట్యూబులర్ బ్యాటరీ, దాని పక్కన ఇళ్ళలో వాడే ఇన్వర్టరు ఉన్నాయి. కంటికి అన్నీ అమరినట్టే కనిపించాయి గానీ, కొన్న వారంలోపే నీళ్ళూ కరెంటూ రెండూ నమ్మదగ్గ స్థితిలో లేవని తేలిపోయింది.

కొళాయి తిప్పితే పంపు మూలుగుతున్నట్లు శబ్దం చేసేది గానీ నీళ్ళు చిటికెన వేలి లావు ధార కూడా వచ్చేవి కావు. ఎవరూ కొళాయి ముట్టుకోకపోయినా, రాత్రిపూట సుమారు పది నిమిషాలకొకసారి పంపు దానంతటదే రెండు సెకన్లు తిరిగి ఆగిపోయేది. సాయంత్రం నిండుగా ఉన్నట్లు కనిపించిన బ్యాటరీ, తెల్లవారుజామున ఫ్యానును కూడా సరిగ్గా తిప్పలేకపోయేది. వీటికి తోడు వంటగట్టు దగ్గర నేలమీది ప్లైవుడ్డు ఒకచోట మెత్తబడి, మూసిపెట్టిన గదిలో తడిబట్టల వాసన లాంటి వాసన వేస్తుండేది.

చూసినవారందరూ ఒకే మాట చెప్పారు: పంపు మార్చండి, బ్యాటరీ మార్చండి. పంపును మార్చాను. రెండు వేల రూపాయలు పెట్టి కొన్న కొత్త పంపు కూడా అదే మూలుగు మూలిగింది, అంతే ధార ఇచ్చింది. బ్యాటరీ కోసం దాదాపు పదిహేను వేలు తీయబోయేముందు ఆగి, ఇకమీదట కొలిచి చూడకుండా ఏ వస్తువునూ మార్చకూడదని నిర్ణయించుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాడిని కనుక, అంకెలు ఇచ్చే సాక్ష్యం మీద నాకు మొదటినుంచీ గురి ఎక్కువ.

తీసేసిన పాత పంపును సంచిలో వేసుకుని, చంద్రగిరి దాటాక పాకాల వైపు వెళ్ళే దారిలో, పొలాలకు మందు కొట్టే యంత్రాలు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. దీనికి కారణం ఉంది. కారవాన్‌లో నీళ్ళు తోడే పంపు, మన రైతులు వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లలోని పంపు ఒకే జాతివి. రెండూ డయాఫ్రమ్ పంపులే. లోపల రబ్బరు పొర ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని తోస్తుంది. కొళాయి కట్టేయగానే గొట్టంలో ఒత్తిడి పెరిగి, ఒక నిర్ణీత స్థాయికి చేరేసరికి, పంపు మీదున్న ప్రెషర్ స్విచ్చి కరెంటును తెంచేస్తుంది; నా పంపులో ఆ స్థాయి 35 పి.ఎస్.ఐ. (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). మేస్త్రీ ఆ పంపును ఒక స్ప్రేయరు బ్యాటరీకి నేరుగా తగిలించి, గొట్టాన్ని బకెట్టులో ముంచాడు. నీళ్ళు అంగడి గడప దాటి రోడ్డు మీద పడ్డాయి.

“సార్, ఈ పంపుకు రోగమేం లేదు. దీనికి కూడు సరిగ్గా అందతా లేదు, అంతే. మీ బండిలో వైరు యాడ నుంచి యాడకు వస్తా ఉండాదో ముందు అది చూడండి” అన్నాడు. కొత్త పంపు కొనకముందు నేను వెళ్ళవలసిన చోటు అదేనని అప్పుడు అర్థమైంది.

మరునాడు పొద్దున్నే చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టి, మల్టీమీటరుతో కూర్చున్నాను. బ్యాటరీ మీద పని చేసేటప్పుడు ఒంటిమీద లోహం ఉండకూడదు. పానా ఏదైనా బ్యాటరీ రెండు కొనలకూ అడ్డంగా పడినా, ఉంగరం అడ్డు తగిలినా, క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. పంపు తిరగనప్పుడు బ్యాటరీ కొనల దగ్గర 12.5 ఓల్టులు ఉన్నాయి. కొళాయి తిప్పి పంపు నడుస్తుండగా చూస్తే బ్యాటరీ దగ్గర 12.3, పంపు కొనల దగ్గర మాత్రం 9.6. అంటే ఏడు మీటర్ల దారిలో 2.7 ఓల్టులు మాయమవుతున్నాయి. కాలువ తలలో నీళ్ళు నిండుగా పారుతున్నా, గట్లు తెగి, పూడిక నిండిన కాలువ చివరి మడికి తడి కూడా అందని పరిస్థితి ఇది. మోటారు మంచిదే, బ్యాటరీలో కరెంటూ ఉంది; నష్టమంతా దారిలో ఉంది.

ఆ నష్టం ఎక్కడ జరుగుతోందో కనిపెట్టే పద్ధతి చాలా సులువైనది, ఆటో ఎలక్ట్రీషియన్లకు బాగా తెలిసినది. పంపు నడుస్తుండగానే, మీటరు రెండు ముల్లులనూ ఒకే వైరు రెండు కొనల మీద పెట్టాలి. వైరు మంచిదైతే మీటరు దాదాపు సున్నా చూపాలి; ఎంత చూపితే అంత ఓల్టేజి ఆ వైరే తినేస్తోందన్నమాట. అలా చూస్తే ప్లస్ వైపు 1.1 ఓల్టులు, మైనస్ వైపు 1.6 ఓల్టులు పోతున్నాయి. ప్లస్ వైపు వేసింది ఇళ్ళలో దీపాలకు వాడే 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు. రాగి నిరోధాన్ని బట్టి లెక్క కడితే, ఏడు మీటర్ల అలాంటి వైరులో పంపు లాగే 6 ఆంపియర్లకు అర ఓల్టు మాత్రమే పోవాలి. మిగతా 0.6 కోసం ఒక్కొక్క అతుకునూ వెతికితే, ఫ్యూజు హోల్డరు దగ్గర 0.4, స్విచ్చి దగ్గర 0.2 దొరికాయి. ఆ ఫ్యూజు హోల్డరుకు వైరును లగ్గు (వైరు కొనకు తొడిగే లోహపు ముక్క) వేసి నొక్కలేదు. రెండు కొనలనూ మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు. తిరుపతి ఎండకు ఆ టేపు జిగురు కరిగి, టేపు జారి, రాగి నల్లబడిపోయింది.

మైనస్ వైపు సంగతి వేరు. అక్కడ పంపు నుంచి బ్యాటరీకి వైరే లేదు. పంపు మైనస్‌ను నేల కింద ఛాసిస్‌కు (అంటే బండి ఇనుప చట్రానికి) ఒక బోల్టుతో బిగించి, బండి ఇనుమునే తిరుగుదారిగా వాడుకున్నారు. బాడీ ఎర్త్ అనే ఈ పద్ధతి వాహనాలన్నిటిలోనూ ఉన్నదే, తప్పు కాదు. కానీ బల్ల కిందికి దూరి, టార్చి పెట్టి ఆ బోల్టును చూసినప్పుడు నాకు మొత్తం కథ ఒక్కసారిగా అర్థమైంది.

బోల్టు చుట్టూ ఇనుముకు పొలుసులుగా తుప్పు పట్టింది. వైరు కొనకున్న రాగి లగ్గుకు పచ్చటి చిలుము దట్టంగా పేరుకుంది. దాని మీద నేను చూస్తుండగానే ఒక నీటిచుక్క వచ్చి నిలిచింది. ఆ చుక్క వైరు వెంబడే పై నుంచి జారుతూ వస్తోంది. వైరును చేత్తో పట్టుకుని పైకి తడుముకుంటూ వెళితే, ప్లైవుడ్డులోని రంధ్రం గుండా, సరిగ్గా పంపు ముందున్న ఎల్బో (పైపు మలుపు తిరిగే చోటి అతుకు) కిందికి చేరాను. గట్టి సి.పి.వి.సి. పైపును పంపుకు నేరుగా బిగించారు. పంపు తిరిగినప్పుడల్లా అదురుతుంది, బండి గతుకుల్లో పడినప్పుడల్లా అదురుతుంది. ఆ అదురు అంతా ఎల్బో మెడ మీద పడి, వెంట్రుక వాసి బీట తీసింది. పంపు రాత్రిపూట తనంతట తాను తిరగడానికి కారణమూ అదే: బీటలోంచి నీరు కారిన కొద్దీ గొట్టంలో ఒత్తిడి పడిపోయి, ప్రెషర్ స్విచ్చి పంపును లేపుతోంది. అలా కారిన నీరు ప్లైవుడ్డును కుళ్ళబెట్టి, వైరు పట్టుకుని దిగి, బోల్టును తినేసింది. లగ్గుకూ శుభ్రంగా గీరిన ఛాసిస్ ఇనుముకూ మధ్య ఒక్కచోటే 1.4 ఓల్టులు పోతున్నాయి. పంపు కాసేపు నడిచాక ఆ బోల్టును ముట్టుకుంటే వెచ్చగా తగిలింది; ఎనిమిది వాట్లకు పైగా కరెంటు అక్కడ వేడిగా మారిపోతోంది. నీళ్ళ జబ్బు, కరెంటు జబ్బు అని నేను విడివిడిగా రాసుకున్నవి నిజానికి ఒకే జబ్బు.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వరదల్లో ఈ బండి రెండు రోజులు చక్రాల సగం వరకు నీళ్ళలో నిలిచిందని పాత యజమాని దాచకుండా చెప్పారు. ఛాసిస్ మీది మిగతా తుప్పుకు అది కారణం కావచ్చు. ఈ బోల్టును మాత్రం చెడగొట్టింది వరద కాదు; రాత్రికి అర లీటరు చొప్పున, ఎవరికీ కనిపించకుండా కారిన చుక్కలు.

బ్యాటరీ మైనస్ కొనను ముందుగా విప్పి, పని మొదలుపెట్టాను. ఎల్బోను తీసేసి, పంపుకు రెండు వైపులా అర మీటరు చొప్పున అల్లిక ఉన్న మెత్తటి గొట్టం వేసి, స్టీలు క్లిప్పులతో బిగించాను. ఇక పంపు అదురు పైపుదాకా చేరదు. పంపు కాళ్ళ కింద రబ్బరు దిమ్మెలు పెట్టాను. కుళ్ళిన ప్లైవుడ్డును కోసి, మెరైన్ ప్లైవుడ్డు ముక్కకు అంచులతో సహా రంగు వేసి అమర్చాను. నీళ్ళు ఎక్కించకముందే గొట్టాలను గాలితో పరీక్షించడం మంచిదని నా అభిప్రాయం. కొళాయిలన్నీ కట్టేసి, సైకిలు పంపుతో 30 పి.ఎస్.ఐ. వరకు గాలి కొట్టి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు పూసి బుడగల కోసం చూశాను. రెండుచోట్ల బుడగలు లేచాయి, టెఫ్లాన్ టేపు మళ్ళీ చుట్టి బిగించాను. నీళ్ళు ఎక్కించాక చివరి పరీక్షకు అమ్మ ఒక ఉపాయం చెప్పింది. “ముగ్గుపిండి చల్లి చూడు నాయనా, చుక్క పడితే అదే చెబుతుంది” అంది. పంపు కింద, అతుకుల కింద నల్లటి రబ్బరు షీటు పరిచి, దానిమీద పలుచగా ముగ్గుపిండి చల్లి, రాత్రంతా వదిలేశాను. ఆవగింజంత చుక్క పడినా పిండిలో చిన్న గుంట పడి ముద్ద కడుతుంది; కాగితంలాగా ఆరిపోయి గుర్తు లేకుండా పోదు. మొదటి రాత్రి మరుగుదొడ్డి కొళాయి కింద ఒక్క గుంట కనిపించింది. దాన్ని సరిచేశాక రెండో రాత్రి పిండి చల్లినట్టే ఉంది, పంపు ఒక్కసారి కూడా లేవలేదు.

వైర్ల పనిలో బాడీ ఎర్తును నమ్ముకోకూడదని నిశ్చయించుకున్నాను. పంపుకు ప్లస్, మైనస్ రెండూ 4 స్క్వేర్ ఎం.ఎం. వైర్లే వేసి, బ్యాటరీ పక్కన ఏర్పాటు చేసిన ఇత్తడి పట్టీకి తీసుకువచ్చాను. కొనలకు లగ్గులు వేసి నొక్కే పనిముట్టుతో నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాను. టంకం పెడితే ఇంకా గట్టిగా ఉంటుందని కొందరు చెప్పారు గానీ, నేను పెట్టలేదు. అదిరే బండిలో టంకం ఆగిన చోట వైరు గట్టిపడి, ఆ అంచు దగ్గరే తెగుతుంది. పని పూర్తయ్యాక కొలిస్తే, పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.3, పంపు దగ్గర 11.9. కొళాయి తిప్పగానే నీళ్ళు సింకు గోడకు తగిలి పైకి చిమ్మాయి.

అయితే ఆ సంతోషం మూడు నిమిషాలే నిలిచింది. ధార క్రమంగా సన్నబడి, పంపు శబ్దం బరువెక్కింది. ఓల్టేజి చూస్తే 11.9 అలాగే ఉంది. అంటే ఈసారి లోపం కరెంటుది కాదు. పంపు ముందున్న జల్లెడ విప్పితే ఇసుక, తుప్పు రేణువులు, పైపు కోసినప్పటి ప్లాస్టిక్ పొట్టు ఉన్నాయి; కడిగి పెట్టినా ఫలితం అంతే. నీళ్ళు పోసే మూతను విప్పబోయినప్పుడు మూత బిర్రుగా బిగుసుకుని ఉండి, వదులైన మరుక్షణం ఉస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకుంది. కొళాయి ధార వెంటనే కోలుకుంది. ట్యాంకులోంచి నీరు బయటికి వెళ్ళిన మేరకు గాలి లోపలికి రావాలి. దానికోసం పెట్టిన సన్నని గాలిగొట్టం కొనలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. ఇనుప తీగతో పొడిచి తీసేసి, కొనకు సన్నటి స్టీలు జాలీ కట్టాను. కందిరీగలు సన్నని రంధ్రం దొరికితే వదలవు కనుక, ఇలాంటి బండి ఉన్నవారందరూ ఏడాదికొకసారి ఆ గొట్టం కొన చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

ట్యాంకు లోపలి స్థితి గురించి కూడా చెప్పాలి. తిరుపతికి కల్యాణి డ్యాం నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వస్తాయి గానీ, పాతవారు ట్యాంకును ఎక్కువగా ఇంటి బోరునీళ్ళతోనే నింపేవారు. మూతలోంచి చెయ్యి పెట్టి గీకితే గోళ్ళలోకి తెల్లటి సున్నపు పొర వచ్చింది. సరుకుల అంగడిలో దొరికే నిమ్మ ఉప్పు 400 గ్రాములను 20 లీటర్ల నీళ్ళలో కరిగించి ట్యాంకులో పోసి, అలిపిరి నుంచి చంద్రగిరి దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. బండి కుదుపులకు ఆ నీళ్ళే గోడలన్నీ తోమిపెట్టాయి. దించినప్పుడు నీళ్ళు పాలవిరుగుడులా వచ్చాయి. మూడుసార్లు మంచినీళ్ళతో కడిగాకే క్రిమిసంహారం మొదలుపెట్టాను. 100 లీటర్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ఆ నీళ్ళను ప్రతి కొళాయిలోంచీ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, పూర్తిగా దించేశాను. స్టీలు ట్యాంకులో అంతకంటే ఎక్కువసేపు ఉంచితే క్లోరిన్ స్టీలును చిల్లులుగా తింటుంది. నిమ్మ ఉప్పు నీళ్ళు ట్యాంకులో మిగిలి ఉండగా క్లోరిన్ మందు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వెలువడుతుంది, అదీ మూసి ఉన్న బండిలో.

ఇక బ్యాటరీ. కారుతున్న నీటి వల్ల పంపు లేస్తుండడమే బ్యాటరీని ఖాళీ చేస్తోందని మొదట అనుకున్నాను. లెక్క వేస్తే అది నిలవలేదు. పది నిమిషాలకు రెండు సెకన్లు తిరిగే పంపు రాత్రంతా కలిపి తినేది ఆంపియర్ అవరులో చిన్న భాగం మాత్రమే. అన్నీ ఆపేసి, మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, బ్యాటరీ మైనస్ వైరుకు వరసలో కలిపి చూస్తే 1.3 ఆంపియర్లు పోతున్నాయి. ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ వస్తే దొంగ ఇన్వర్టరని తేలింది. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ తన లోపలి పనికి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. రోజుకు 31 ఆంపియర్ అవర్లు ఏమీ వెలగకుండానే ఖర్చవుతున్నాయి; మా ఫ్యాన్లు, దీపాలు, పంపు, ఫోన్ల చార్జింగు అన్నీ కలిపి రోజుకు 27 మాత్రమే.

ఖర్చు అలా ఉంటే, రాబడి ఇంకా అన్యాయంగా ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు దానితో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు దగ్గర 14.2 ఓల్టులు ఉంటే, వెనుక బ్యాటరీకి చేరేది 12.9. అయిదు మీటర్ల దూరానికి 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేసి, దానిలో 30 ఆంపియర్లు పారాలని ఆశించారు. 12.9 ఓల్టులతో 12 ఓల్టుల బ్యాటరీ ఎన్నడూ నిండదు. సగం నింపి, అడుగంటా వాడి, మళ్ళీ సగం నింపితే సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ సత్తువ కోల్పోతుంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కర్మాగారం ఉండడం వల్ల ఆ పని తెలిసినవారు తిరుపతిలో చాలామంది ఉన్నారు. మా వీధిలోని ఒక పెద్దాయన బ్యాటరీ ఆసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు పట్టుకొచ్చి ఆరు సెల్లులూ చూశారు. అన్నిటిలోనూ 1.190, 1.200 మధ్య ఉంది. ఒక్క సెల్లు మిగతావాటి కంటే బాగా కిందికి పడి ఉంటే ఆ బ్యాటరీకి ఆశ లేదనీ, అన్నీ సమానంగా తగ్గాయంటే అది ఆకలితో ఉందే తప్ప చావలేదనీ ఆయన చెప్పారు. పలకలు బయటపడిన రెండు సెల్లుల్లో అవి మునిగే వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, 8 ఆంపియర్లతో రెండు రోజులు మెల్లగా చార్జి చేసి, ఆ తర్వాతే గుర్తు వరకు నింపాం. 1.230కి చేరింది. ఒక హెడ్‌లైటు బల్బును లోడుగా పెట్టి, 5 ఆంపియర్లు లాగుతూ, 11.5 ఓల్టులకు పడిపోయేదాకా చూస్తే 16 గంటలు పట్టింది. అంటే 80 ఆంపియర్ అవర్లు. కొత్త బ్యాటరీతో పోలిస్తే ఇది తక్కువే. అయినా ఇన్వర్టరు ఆపేసిన మా వాడకానికి రెండు రోజులకు పైగా సరిపోతుంది. మార్చమన్న బ్యాటరీతోనే ఇవాళ్టికీ తిరుగుతున్నాను.

ఆల్టర్నేటరు వైరును 16 స్క్వేర్ ఎం.ఎం.కు మార్చాలని పాత వైరు లాగుతున్నప్పుడే నేను ఎన్నటికీ మరచిపోలేనిది కంటబడింది. ఎర్రవైరు ఛాసిస్ రేకులోని రంధ్రం గుండా వెళ్ళే చోట, వైరు రాసుకోకుండా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ లేదు. పదేళ్ళ అదురుకు రేకు అంచు, కత్తితో గీసినట్లు, వైరు మీది ప్లాస్టిక్ తొడుగును కోస్తూ వచ్చింది. కోతలో ఒక అంగుళం పొడవున రాగి పోగులు మెరుస్తున్నాయి. వాటిలో రెండు తెగి, రేకు వైపు వంగి ఉన్నాయి. మధ్యలో మిగిలింది గోరు మందం దూరం. ఆ వైరుకు బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. రాగి రేకుకు తగిలి ఉంటే, ట్యూబులర్ బ్యాటరీలోని శక్తి అంతా అడ్డూ ఆపూ లేకుండా ఆ వైరులోకి దూకి, వైరు ఎర్రగా కాలి, పైనున్న ప్లైవుడ్డూ పరుపూ అంటుకునేవి. ఆ పరుపు అమ్మ పడుకునేది. ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను. వైరును రెండు వైపులా విప్పి, ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను.

ఆ తర్వాత ప్రతి రంధ్రానికీ గ్రోమెట్ వేశాను, ప్రతి వైరునూ ముడతల గొట్టంలో నడిపాను. ఇంజను సెల్ఫ్ కొట్టే బ్యాటరీకీ వెనుక బ్యాటరీకీ మధ్య వైరుకు రెండు కొనలా, బ్యాటరీ నుంచి జానెడు దూరం లోపే, 60 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టాను. పంపుకు 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు, ఫ్యాన్లకు అలాంటిదే మరొకటి, దీపాలకు 5 ఆంపియర్లది పెట్టాను. ఫ్యూజు వస్తువును కాపాడడానికని చాలామంది అనుకుంటారు; అది ముందుగా కాపాడవలసింది వైరును, వైరు మోయగలిగిన దాన్ని బట్టే దాని అంకె ఉండాలి. ఇంజను ఆగినప్పుడు రెండు బ్యాటరీలనూ విడదీసే రిలే కూడా అమర్చాను, లేకపోతే రాత్రి వాడకానికి సెల్ఫ్ కొట్టే బ్యాటరీ కూడా పడిపోతుంది. చార్జింగులో ట్యూబులర్ బ్యాటరీ వదిలే హైడ్రోజన్ గాలికంటే తేలికైనది, నిప్పురవ్వ తగిలితే పేలేది. అందువల్ల బ్యాటరీని మూత ఉన్న పెట్టెలో పెట్టి, పెట్టె పై అంచు నుంచి గొట్టాన్ని బండి బయటికి తీశాను.

230 ఓల్టుల పని నేను ముట్టుకోలేదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించాను. ఇంటి ప్లగ్గు నుంచి బండికి రెండు పోగుల వైరు మాత్రమే ఉండేది, ఎర్తు లేదు. రబ్బరు టైర్ల మీద నిలిచిన బండి బాడీకి ఫేజు తగిలితే, లోపలున్నవారికి తెలియదు. తడినేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవారికి తెలుస్తుంది. ఇప్పుడు మూడు పోగుల 2.5 స్క్వేర్ ఎం.ఎం. కేబులు, బాడీకి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టినా పడిపోయి సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. స్విచ్చి ఉన్నాయి. దాని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూస్తాను.

నవంబరు వానలు తగ్గాక, డిసెంబరు రెండో వారంలో అమ్మను, నా భార్యను ఎక్కించుకుని భాకరాపేట ఘాటు మీదుగా తలకోనకు బయలుదేరాను. ఆ ఘాటు మలుపులు, నెరబైలు దాటాక అడవిదారి గతుకులు అతుకులకు నేను పెట్టగలిగిన పరీక్షలన్నిటికంటే కఠినమైనవి. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దర్శనం చేసుకుని, అనుమతి ఉన్న చోట బండి నిలిపి, ఆ రాత్రి అక్కడే ఉన్నాం. వానల తర్వాత కనుక, 270 అడుగుల పై నుంచి పడే నీటి శబ్దం అడవంతా నిండి ఉంది. రాత్రి రెండుసార్లు అమ్మ లేచింది. రెండుసార్లూ ఎవరినీ పిలవకుండా, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, దీపం వేసుకుని, చేతులు కడుక్కుని వచ్చి పడుకుంది. పంపు తిరిగి, కొళాయి కట్టగానే ఆగింది. నేను కళ్ళు మూసుకునే విన్నాను.

తెల్లవారాక మీటరు పెడితే బ్యాటరీ 12.5 ఓల్టులు చూపింది. మురికినీళ్ళ డబ్బా నుంచి ఇంకా కొద్దిగా వాసన వస్తోంది, సింకు కింద వంపు గొట్టం వేయవలసి ఉంది. కప్‌బోర్డు తలుపు లోపలివైపు వైర్లన్నిటి పటం గీసి, ఏ ఫ్యూజు దేనిదో, ఏ వైరు ఎంత మందమో, ఎప్పుడు వేసిందో తెలుగులో రాసి అంటించాను. వాసన సంగతిని కూడా దాని కింద రాశాను. తర్వాత టార్చి తీసుకుని, అమ్మ లేవకుండా, వంటగట్టు కింద పలక జరిపి చూశాను. భాకరాపేట ఘాటు దిగిన తర్వాత చల్లిన ముగ్గుపిండి, పంపు కింద, అతుకుల కింద, పొడిగానే ఉంది.